అప్‌డేట్: చివరికి బండి తీసుకున్నాం

ఇంట్లో ఆరుగురం, నమ్మకంగా నడిచే ఎస్‌యూవీ కావాలి, సర్వీస్ ఇబ్బంది ఉండకూడదు, ఏది తీసుకోమంటారు అని నెల క్రితం అడిగాను కదా. తీసుకున్నాం.

షోరూమ్‌కి కాదు, ముందు సర్వీస్ సెంటర్‌కి వెళ్లమని మీలో ఒకరు చెప్పిన మాటే పనికొచ్చింది. రెండు చోట్లకి వెళ్లి కాసేపు కూర్చున్నాను. మొదటిచోట, నాకు బాగా నచ్చిన మోడలే బంపర్ ఊడదీసి మూలన పెట్టి ఉంది, పైన వేలితో పేరు రాసేంత దుమ్ము. హెడ్‌లైట్ కోసం ఏడు వారాలుగా తిరుగుతున్నానని ఓనరే చెప్పాడు. సన్‌రూఫ్ మీద మోజు అక్కడే దిగిపోయింది. (పిల్లలకి ఇంకా దిగలేదు.)

రెండోచోట అడ్వైజర్ పాత బిల్లులు తీసి, ఏ పార్ట్ ఎన్నాళ్లలో వస్తుందో చూపించాడు. ఆ కంపెనీదే ఖాయం చేశాం. గేర్‌బాక్స్ టార్క్ కన్వర్టర్ రకం, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే ఆటోమేటిక్. ట్రాఫిక్‌లో పాక్కుంటూ పోయేటప్పుడు డ్రై క్లచ్ (కొన్ని ఆటోమేటిక్‌లలో ఉండే, ఆయిల్‌లో మునగని క్లచ్) వేడెక్కుతుందన్న టెన్షన్ లేదు. మైలేజీ కాస్త తక్కువే, ఒప్పుకుంటాను.

మూడో వరుసలో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయంది అమ్మ. అక్కడికి పిల్లల్ని తోలాం. మొదటి సర్వీస్ అయ్యాక మళ్లీ రాస్తాను.