జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషం ఎందుకయింది? ఇంగ్లిష్ గిఫ్టూ అదీ ఒకే మాటా, వేరువేరా?

ష్టుట్‌గార్ట్ శీను: మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చెత్త డబ్బాల పక్కన ఎలుకల కోసం ఒక నల్ల ప్లాస్టిక్ పెట్టె పెట్టారు. దాని మీద పెద్దక్షరాల్లో గిఫ్ట్ అని ఉంది, కింద పుర్రె బొమ్మ. మావాడికి ఆరేళ్లు, ఈ మధ్యే ఇంగ్లిష్ కూడబలుక్కుని చదువుతున్నాడు. "నాన్నా, గిఫ్ట్!" అంటూ వంగి మూత పట్టుకోబోయాడు, నా గుండె ఆగినంత పనయింది. ఆఫీసులో ఒకాయన్ని అడిగితే రెండింటికీ సంబంధం లేదు, స్పెల్లింగ్ కలిసిందంతే అన్నాడు. నాకైతే నమ్మబుద్ధి కాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గుత్తి వంకాయ: ఆయన చెప్పిందే కరెక్ట్. చిన్న మాటలు అలా కలుస్తుంటాయి. తాగే పాలు, వాటాకొచ్చే పాలు ఒకటేనా?

పదాల పిచ్చి: ఇది పాల కేసు కాదండి. ఇంగ్లిష్‌లో గివ్, జర్మన్‌లో గేబెన్, రెండూ ఇవ్వడమే. ఆ క్రియలోంచి వచ్చిన నామవాచకమే గిఫ్ట్, అంటే ఇచ్చినది. పాత జర్మన్‌లో దీనికి కానుక అనే అర్థం కూడా ఉండేది. దాని ఆనవాలు ఇప్పటికీ ఉంది: మిట్‌గిఫ్ట్ అంటే కట్నం. 'మిట్' అంటే తో, పిల్లతో పాటు ఇచ్చింది అని. ఇంకా సాక్ష్యం కావాలంటే లింగం చూడండి, కట్నం మిట్‌గిఫ్ట్ స్త్రీలింగం, విషం గిఫ్ట్ నపుంసకం. అర్థాలు వేరు కాపురం పెట్టాక లింగాలూ పంచుకున్నాయి. డచ్‌లో ఇప్పటికీ విరాళాన్ని గిఫ్ట్ అంటారు, విషాన్ని ఎక్కువగా గిఫ్ అంటారు.

గుత్తి వంకాయ: సరే, ఒకే మాట అనుకుందాం. ఇచ్చినది కాస్తా విషం ఎలా అయింది మరి?

పదాల పిచ్చి: గ్రీకులో దోసిస్ అంటే ఇవ్వడం. రోగికి ఒక విడతలో ఇచ్చే మందుకీ అదే మాట వాడారు, లాటిన్ దాన్ని అలాగే తీసుకుంది, మనం రెండో డోసు పడిందా అని అడిగేది అదే. దాన్ని జర్మన్‌లో చెప్పబోతే గిఫ్ట్ అయింది, మందు మెల్లగా విషమయింది. విషాన్ని విషం అనడానికి నోరు రాక 'ఇచ్చింది' అనడం.

దేవభాష: ఎంత తవ్వినా చివరికి సంస్కృతమే. గిఫ్ట్ అంటే గృహీత, చూస్తేనే తెలుస్తోంది.

పదాల పిచ్చి: గృహీత అంటే తీసుకున్నది సార్, పూర్తిగా ఉల్టా. కానీ మీరు వెతుక్కోవాల్సింది పక్కనే ఉంది. దోసిస్‌లో దో, దానంలో దా ఒకే ధాతువు. ఒకదాన్నుంచి ఇంకోటి పుట్టలేదు, ఇద్దరూ ఒక తల్లి పిల్లలు. ఆ లెక్కన కన్యాదానానికీ డోసుకీ చుట్టరికం ఉంది.

మాల్మో మరదలు: ఇక్కడ స్వీడన్‌లో ఇంకా ఘోరం. గిఫ్ట్ అని రాసి యిఫ్ట్ అని పలుకుతారు, ఒక అర్థం విషం, ఇంకో అర్థం పెళ్లయినవాళ్లు. ఫారం నింపాల్సి వచ్చినప్పుడల్లా మావారు ఆ గడిలో టిక్ పెట్టి నా వైపు చూసి నవ్వుతారు. ప్రతిసారీ! ఇందులో ఏది ముందో ఎవరైనా తేల్చి చెప్పండి, ఇంట్లో పరువు సమస్య.

నర్సాపురం లేసు: అక్కా, మనవైపు "మీ చిన్నమ్మాయిని ఎక్కడిచ్చారు?" అంటారు కదా, "భీమవరం ఇచ్చాం" అంటాం. ఇవ్వడమంటే పెళ్లి చేయడమని వేరే చెప్పక్కర్లేదు. స్వీడిష్ గిఫ్ట్ అచ్చం అదే. పాత ఇంగ్లిష్‌లో కూడా ఈ మాటకి పెళ్లికూతురి కోసం చెల్లించే సొమ్ము అని అర్థం, బహువచనంలో అయితే ఏకంగా పెళ్లి. అప్పట్లో వాళ్లు కూడా య-కారంతోనే పలికేవాళ్లు, ఇప్పటి గ-కారం వైకింగుల భాష నుంచి వచ్చింది. ఇక విషం సంగతి, మీ స్వీడన్‌వాళ్ల పాత మాట ఎటర్, ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ విషం అంటే ఆ మాటే. గిఫ్ట్‌కి విషమనే అర్థం ఉత్తర జర్మనీ నుంచి దిగుమతి. పెళ్లి సొంత సరుకు, విషం బయటి సరుకు. బావగారికి ఇది ప్రింటు తీసి ఇవ్వండి.

మాల్మో మరదలు: ఫ్రిజ్‌కి అంటించేశా.

గుత్తి వంకాయ: నాకు ఆ గ్రీకు కథ దగ్గరే పేచీ. గ్రీకు ముక్క తెలియని మా తాతయ్యకి జ్వరానికి వేసుకునేది మందు, చేనుకి కొట్టేది పురుగుల మందు, సాయంత్రం తాగేదీ మందే. "వాడికి మందు పెట్టారు" అంటే వశీకరణం. ఇంగ్లిష్ పాయిజన్ కూడా లాటిన్‌లో తాగేది అనే మాట నుంచే వచ్చింది, పోషన్ దాని తోబుట్టువే. గ్రీకు ఫార్మకాన్ మందూ విషమూ రెండూను. విషం పేరు నేరుగా ఎత్తకపోవడం అన్ని చోట్లా ఉన్నదే, జర్మన్ రైతుకి మాత్రం ఒక గ్రీకు వైద్యుడు వచ్చి నేర్పాలా?

పదాల పిచ్చి: బాగా అడిగారు, కానీ మీ ఉదాహరణలన్నీ నోట్లోకి వెళ్లే వస్తువుతో మొదలయ్యాయి, మందు, తాగేది. అక్కణ్ణుంచి విషానికి ఒక్క అడుగే. 'ఇచ్చినది' అంటే గొర్రె కావచ్చు, ఉంగరం కావచ్చు, పొలం కావచ్చు. మధ్యలో మందు అనే మెట్టు లేకుండా విషం దాకా దిగలేం, ఆ మెట్టే దోసిస్. పైగా పాత జర్మన్ రాతల్లో చాలావరకు మఠాల్లో లాటిన్ చదివిన సన్యాసులు రాసినవే.

గుత్తి వంకాయ: అదే నేననేది. రాసింది వాళ్లే కాబట్టి వాళ్ల మాటే మిగిలింది, రాయడం రానివాడు పశువుల కొట్టంలో ఏమన్నాడో ఎవరు విన్నారు? సరే, సగం ఒప్పుకుంటున్నా. రెండు గిఫ్టులూ ఒకే మాట, నా పాలు నేను వెనక్కి తీసుకున్నా. దోసిస్ దగ్గర మాత్రం తగ్గేది లేదు.

ష్టుట్‌గార్ట్ శీను: అందరికీ థాంక్స్. మరి కానుకని ఇక్కడ గెషెంక్ అంటారు కదా, అదెక్కడిది?

పదాల పిచ్చి: షెంకెన్ అంటే మొదట్లో తాగడానికి పోయడం. ఐన్‌షెంకెన్ అంటే ఇప్పటికీ గ్లాసులో పోయడమే. అంటే ఇంగ్లిష్‌వాడికి తాగేది విషమయింది, జర్మన్‌వాడికి తాగడానికి పోసింది కానుకయింది, ఇచ్చింది విషమయింది.

ష్టుట్‌గార్ట్ శీను: మావాడికి ఇదంతా చెప్పలేదు లెండి. పుర్రె బొమ్మ ఉంటే అది విషం, ముట్టుకోకు అని మాత్రం చెప్పా. నిన్న వాడి ఫ్రెండ్ పుట్టినరోజుకి సముద్రపు దొంగల ఓడ బొమ్మ కొన్నాం. డబ్బా నిండా పుర్రెలే. ఇంటికొచ్చేదాకా వాడు దాన్ని పట్టుకోనన్నాడు.