యతో హస్తస్తతో దృష్టిః: కెమెరా ముందు ఆ దృష్టి ఎవరిది?

విశాఖ నుంచి ఒక సభ్యురాలు అడిగారు: "మేం కొందరం కలిసి భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లో కూచిపూడి అడుగులతో చిన్న డాన్స్ ఫిల్మ్ తీశామండీ. స్టేజీ మీద చేసినదాన్ని రికార్డు చేయడం కాదు, కెమెరా కోసమే కూర్చిన నృత్యం. మా గురువుగారు చూసి, 'చెయ్యి కనిపిస్తోందమ్మా, కన్నేదీ? యతో హస్తస్తతో దృష్టిః మర్చిపోయారా?' అన్నారు. నిజంగానే శ్లోకం తప్పామా?"

ముందు శ్లోకం మొత్తం చూద్దాం. నందికేశ్వరుడు సంస్కృతంలో రాసిన నృత్య గ్రంథం అభినయదర్పణంలోది:

యతో హస్తస్తతో దృష్టిర్యతో దృష్టిస్తతో మనః ।
యతో మనస్తతో భావో యతో భావస్తతో రసః ॥

చెయ్యి ఎటో చూపు అటు, చూపు ఎటో మనసు అటు, మనసున్న చోట భావం, భావమున్న చోట రసం. (ఈ గ్రంథాన్ని 1917లో ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చింది మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారే. చీరాల పేరాల ఉద్యమ నాయకుడిగా తెలిసినంతగా ఈ పని చేసిన మనిషిగా ఆయన మనకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.)

ఇది నర్తకికి చెప్పిన మాట కాబట్టి దృష్టి నర్తకిదే. అందులో సందేహం లేదు. అయితే ఆ దృష్టి చేసే పని ఇంకొకటి ఉంది. విశాఖ కళాభారతి హాల్లో వెనక వరసలో కూర్చున్నవాళ్లకు నర్తకి కనుగుడ్లు కనిపించవు, మెడ తిరగడం మాత్రం తెలుస్తుంది. ఆవిడ తన చేతివైపు తిరిగితే హాలంతా అటే చూస్తుంది. అంటే ప్రేక్షకుల చూపుకు దారి చూపేది కూడా ఆవిడ చూపే.

స్క్రీన్ కోసం చేసే నృత్యంలో సరిగ్గా ఈ పనినే లెన్సు తీసేసుకుంటుంది. అలపద్మం (విచ్చిన తామరలా వేళ్లు విప్పే ముద్ర) పట్టిన చేతిని క్లోజప్‌లో చూపిస్తే ప్రేక్షకుడికి ఇంక వేరే దిక్కు లేదు, అదే చూడాలి. కన్ను చేయాల్సిన సగం పని అయిపోయింది. కానీ మిగతా సగం, 'తతో మనః' ఉందే, అది లెన్సు దానంతటది చేయలేదు. ఆ చెయ్యి వెనక ఒక మనిషి మనసు పెట్టి ఉందని షాట్‌లో ఎక్కడో తెలియాలి. మీ గురువుగారు అడిగింది ఇదే అనుకుంటున్నాను. ఆయన ప్రశ్న న్యాయమైనది.

ఒక సభ్యుడి ప్రశ్న: "తతః అంటే 'ఆ తర్వాత' అని కూడా అర్థం ఉంది కదా? ముందు హస్తం, తర్వాత దృష్టి అని చెప్పుకోవచ్చా?"

విడిగా వస్తే చెప్పుకోవచ్చు. ఇక్కడ యతః, తతః జతగా వచ్చాయి కాబట్టి ఎక్కడో అక్కడ, ఎటో అటు అన్నదే అర్థం. వరస గురించి శ్లోకం పట్టుబట్టడం లేదు. కానీ ఎడిటింగ్‌లో కూర్చుంటే ఈ ప్రశ్న మళ్లీ లేస్తుంది. చెయ్యి పైకి వెళ్లి ఆగాక కళ్ల షాట్‌కు కట్ చేస్తే, కన్ను చేతిని వెతుక్కుంటూ వచ్చినట్టుంటుంది. చెయ్యి ఇంకా కదులుతుండగానే కట్ చేస్తే, కన్నే చేతిని లాగినట్టు కనిపిస్తుంది. తేడా కొన్ని ఫ్రేములే. నర్తకి రెండూ ఒకేసారి చేసింది, వరస పుట్టింది మాత్రం ఎడిటింగ్ టేబుల్ దగ్గర. అందుకే ఎక్కడ కట్ చేయాలన్న నిర్ణయం కూడా నృత్య రచనలో భాగమని నేను గట్టిగా నమ్ముతాను. దాన్ని తర్వాత ఎవరో చూసుకుంటారులే అని వదిలేయకూడదు.

దీనికి ముందు శ్లోకం కూడా ఇక్కడ అవసరం. 'చక్షుర్భ్యాం దర్శయేద్భావం పాదాభ్యాం తాలమాచరేత్' అంటుంది: కళ్లతో భావం చూపాలి, పాదాలతో తాళం నడపాలి. మరి ఫ్రేములో నడుము దాకానే ఉంటే తాళం ఎవరు నడపాలి? 1945లో అమెరికాలో ప్రయోగాత్మక సినిమాలు తీసిన మాయా డెరెన్, నర్తకుడు టాలీ బీటీతో 'ఎ స్టడీ ఇన్ కొరియోగ్రఫీ ఫర్ కెమెరా' తీశారు. కొద్ది నిమిషాల మూకీ. అందులో అతను చెట్ల మధ్య ఎత్తిన కాలు ఒక గదిలో దిగుతుంది. చోటు మారిపోయింది, కదలిక మాత్రం ఎక్కడా తెగలేదు. శబ్దమే లేని ఆ ఫిల్ములో తాళం పాదంలోనూ ఉంది, కట్‌లోనూ ఉంది. ఏ స్టేజీ మీదా సాధ్యం కాని అడుగు అది. ప్రయోగం అన్న మాటకు అది తగినదని నా అభిప్రాయం. నాలుగు కెమెరాలు పెట్టి అరంగేట్రం షూట్ చేయడం ఎంత అందంగా ఉన్నా వేరే పని.

సభ్యురాలు: "అయితే కెమెరా కదలికకు కూడా మన శాస్త్రంలో ఏమైనా దొరుకుతుందా?"

కెమెరా కోసం రాయలేదు గానీ, అభినయదర్పణం ఎనిమిది దృష్టిభేదాలు చెప్పింది: సమ, ఆలోకితం, సాచి, ప్రలోకితం, నిమీలితం, ఉల్లోకితం, అనువృత్తం, అవలోకితం. ప్రలోకితం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు చూడడం. అనువృత్తం వేగంగా పైకీ కిందకీ చూడడం. కెమెరా పట్టుకున్నవాళ్లు ప్యాన్, టిల్ట్ అంటారు, అలాగే అననివ్వండి. పేర్లు మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. నేను చెప్పేదల్లా, మీలో కెమెరా పట్టే మనిషి కూడా ఈ ఎనిమిదీ సాధన చేయాలని. సమదృష్టిలో రెప్ప వేయకుండా నిలబడడం తెలిసినవాళ్ల చేతిలో కదలని షాట్‌కు కూడా ఒక బిగువు వస్తుంది.

ఇంకొక్క మాట. స్టేజీ వెడల్పుగా ఉంటుంది. లెన్సు చూసే చోటు దగ్గర ఇరుకు, దూరం పోయేకొద్దీ వెడల్పు. దిబ్బల్లో మీరు పక్కకు వేసిన అడుగులన్నీ రెండడుగులకే ఫ్రేము దాటిపోయి ఉంటాయి. అదే జతిని (తాళానికి కట్టిన అడుగుల వరసను) లెన్సు వైపు నడుస్తూ చేసి చూడండి. చెయ్యి ముందుకొస్తుంది, దాని వెనకే కళ్లుంటాయి, రెండూ ఒకే షాట్‌లో పడతాయి. మీ గురువుగారు అడిగిన కన్ను కట్ లేకుండానే దొరుకుతుంది. ఈసారి వెళ్లినప్పుడు దారి మీదే చేయండి, దిబ్బలు ఎక్కకండి. ఆ మట్టి కాలు పడితే జారిపోయే రకం.