అప్‌డేట్: టెక్సాస్‌లో కొన్న పొలం పన్ను సంగతి

టెక్సాస్‌లోని ఒక గ్రామీణ కౌంటీలో మేము కొన్న పొలానికి పన్ను బిల్లు రాలేదనీ, రికార్డులో రెండు విలువలు కనిపిస్తున్నాయనీ లోగడ అడిగాను. విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్, సొమ్ము వసూలు చేసేది ట్యాక్స్ అసెసర్-కలెక్టర్ కార్యాలయం కాబట్టి రెండు చోట్లా విచారించాను. బిల్లు పాత యజమాని చిరునామాకు వెళ్లిందట. అయినా సరే, బిల్లు అందలేదన్న కారణం చెల్లదనీ, జనవరి 31 దాటితే ఫిబ్రవరిలోనే 6 శాతం జరిమానా, 1 శాతం వడ్డీ పడతాయనీ చెప్పారు (నాకైతే ఇది అన్యాయంగానే తోచింది). ఖాతా సంఖ్యతో వెతికి, గడువులోగా చెల్లించి రసీదు తీసుకున్నాను. రెండు విలువల్లో పెద్దది మార్కెట్ ధర, చిన్నది సాగును బట్టి కట్టినది. పన్ను లెక్కించేది చిన్నదాని మీదే. అయితే యజమాని మారితే ఆ వెసులుబాటుకు మే 1కి ముందే కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి కనుక, పశువుల మేతకు ఇచ్చిన కౌలు పత్రం జతచేసి అదీ సమర్పించాను. ఆమోదం రావలసి ఉంది.