హోసే ఒకెండో బేస్‌బాల్ కార్డులు: ఎన్ని సేకరిస్తే పూర్తయినట్టు?

ప్రశ్న: అలిపిరివాసి, తిరుపతి

అందరికీ నమస్కారం. మా పెద్దన్నయ్య 1980ల చివరి సంవత్సరాల్లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఉద్యోగం చేసేవారు. తిరుమల దర్శనానికి కుటుంబంతో వచ్చినప్పుడల్లా నాకోసం బబుల్ గమ్‌తో కలిపి అమ్మే బేస్‌బాల్ కార్డుల పొట్లాలు తెచ్చేవారు. ఆ ఆట ఎలా ఆడతారో తెలియని రోజుల్లో కార్డు వెనుక ఉండే అంకెల పట్టికలు చూస్తూ, అర్థం కానిది అన్నయ్యను అడుగుతూ, కొద్దికొద్దిగా తెలుసుకున్నాను. ఆ కార్డుల్లో నాలుగు హోసే ఒకెండో అనే ఆటగాడివి. మిగిలినవన్నీ ఎవరెవరికో ఇచ్చేసినా, ఆ నాలుగింటినీ మాత్రం ఈనాటికీ దాచుకున్నాను.

ఒకెండో ప్యూర్టోరికోలో పుట్టినవాడు. 1983లో న్యూయార్క్ మెట్స్ జట్టుతో అమెరికా బేస్‌బాల్‌లో పైస్థాయి అయిన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, తరువాత సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులో 1995 వరకు ఆడాడు. ఇంత కాలంలో అతను కొట్టిన హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ల లాంటివి) 14 మాత్రమే కాబట్టి, ఘనుల జాబితాలో అతని పేరు కనిపించదు. కానీ 1988 సీజన్‌లో బంతి విసిరే పిచర్, వెనుక దాన్ని పట్టే క్యాచర్‌తో సహా మైదానంలోని తొమ్మిది స్థానాల్లోనూ ఆడాడు. ఆ ఏడాది మే 14న అట్లాంటా బ్రేవ్స్‌తో జరిగిన ఆట మామూలు తొమ్మిది దాటి 19 ఇన్నింగ్స్‌దాకా సాగి, పిచర్లందరూ అయిపోయినప్పుడు, బంతి ఇతని చేతికిచ్చారు. నాలుగు ఇన్నింగ్స్ వేశాడు. మొదటి మూడింటిలో ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. చివరికి 7-5తో ఓడిపోయారు, ఆ ఓటమి అతని పేరునే నమోదైంది. అన్నయ్య ఆ రాత్రి స్టేడియంలోనే ఉన్నారట. స్కూలు జట్టులో ఎవరు రాకపోతే వాళ్ల చోట నిలబడిన నాకు, ఈ కథ విన్నప్పటి నుంచి అతనంటే ప్రాణం.

ఇప్పుడు అతని కార్డులన్నీ సేకరించాలని ఉంది. ఏ కార్డులను లెక్కలోకి తీసుకోవాలి? పాత పొట్లాలు కొని వెతకడం మంచిదా, విడి కార్డులు కొనడం మంచిదా? మా ఇల్లు కపిలతీర్థం దగ్గర, కొండవారగా ఉంది. ఐప్పసి నెల (అక్టోబరు-నవంబరు) వానలకు గోడలు చెమ్మ పడతాయి. కార్డులను ఎలా కాపాడుకోవాలి? నా నాలుగింటిలో ఒకదాని వెనుక మైనపు మరక కూడా ఉంది.

జవాబు 1: నీవాతీరం, చిత్తూరు

మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. పేరున్న ఆటగాళ్ల కార్డులు డబ్బుంటే ఎవరైనా కొనగలరు. ఇలాంటి ఆటగాడి కార్డులు కావాలంటే మాత్రం ఓపిగ్గా వెతుక్కోవలసిందే.

ముందుగా కాలాన్ని విడగొట్టుకోండి. 1983లో ఆడిన ఆటగాడి మొదటి కార్డులు 1984 సెట్లలో, అంటే కంపెనీలు ఆ ఏడాదికి వేసిన కార్డుల వరుసల్లో ఉంటాయి. అప్పటికి టాప్స్, డాన్‌రస్, ఫ్లీర్ అనే మూడు కంపెనీలే ప్రధానంగా ఉండేవి. 1988లో స్కోర్, 1989లో అప్పర్ డెక్ వచ్చి చేరాయి; అదే 1989లో బౌమన్ పేరును టాప్స్ కంపెనీ మళ్లీ తెచ్చింది. కనుక ఒకెండో నిత్యం ఆడుతున్న కాలమూ, కంపెనీలు లెక్కకు మించి కార్డులు అచ్చువేసిన కాలమూ ఒక్కటే అయ్యాయి. ఒక్క చిక్కు ఉంది. 1985లో మెట్స్ అతన్ని కార్డినల్స్‌కు ఇచ్చేశాక ఆ సీజనంతా కింది స్థాయి అయిన మైనర్ లీగ్‌లోనే గడిపాడు. అందువల్ల 1986 తొలి సెట్లలో అతని కోసం వెతికేటప్పుడు పెద్ద ఆశ పెట్టుకోకండి.

నా అభిప్రాయంలో, ఆటగాడిగా ఉన్నప్పుడు ప్రధాన కంపెనీలు వేసిన మామూలు కార్డులను మొదటి మెట్టుగా పెట్టుకోవాలి. టాప్స్ 1984 నుంచి 1991 వరకు తన సెట్లనే తెల్లని మందపాటి అట్టపై, నిగనిగలాడే పూతతో, తక్కువ సంఖ్యలో వేసింది. సేకర్తలు వాటిని టిఫనీ సెట్లు అంటారు. బొమ్మ అదే కాబట్టి చాలామంది గమనించరు. కార్డు తిప్పి వెనుక అట్ట తెల్లదనం చూస్తే తేడా తెలుస్తుంది. అవి రెండవ మెట్టు.

పొట్లాల విషయంలో ఆశ వదులుకోండి. చెక్క రంగు అంచులున్న 1987 టాప్స్ సెట్‌లో 792 కార్డులు. పొట్లానికి 17 కార్డులు, పెట్టెకు 36 పొట్లాలు. అంటే పెట్టె మొత్తం కొన్నా చేతికొచ్చేవి 612 కార్డులే, వాటిలోనూ ఒకే కార్డు రెండుమూడు సార్లు వస్తుంది. మీకు కావలసింది ఒక్క కార్డు.

జవాబు 2: స్వర్ణముఖి, సెయింట్ లూయిస్ (స్వస్థలం శ్రీకాళహస్తి)

అన్నా, ఈ ఊరిలో ఒకెండోను ఎవరూ మరచిపోలేదు. ఆట మానిన తరువాత కూడా 2015 వరకు ఎన్నో ఏళ్లు కార్డినల్స్‌కు మూడవ బేస్ దగ్గర కోచ్‌గా నిలబడ్డాడు. 1987 సీజన్ మొత్తంలో ఒకే ఒక హోమ్ రన్ కొట్టిన మనిషి, ఆ ఏడాది శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో జరిగిన లీగ్ సిరీస్ ఏడవ ఆటలో మూడు రన్ల హోమ్ రన్ కొట్టి జట్టును ఏడాది చివరి ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌కు చేర్చడంలో తోడ్పడ్డాడు. 1990లో సెకండ్ బేస్ స్థానంలో సీజనంతా ఆడి ఫీల్డింగ్‌లో మూడే మూడు తప్పిదాలు చేశాడు. మీరు అన్నీ సేకరిస్తే, ఆ ముందటి ఏడాది లెక్కలుండే 1991 కార్డు వెనుక ఏం రాశారో శ్రద్ధగా చదవండి.

నీవాతీరం గారి మాటతో ఒక్క చోట విభేదిస్తున్నాను. కోచ్‌గా ఉన్న కాలం కార్డులనూ, మైనర్ లీగ్ జట్ల కార్డులనూ పక్కన పెట్టడం సరికాదు. స్థానం మారడమే అతని జీవితం అయినప్పుడు, మెట్స్ యూనిఫాంలో షార్ట్‌స్టాప్ అనే ఫీల్డింగ్ స్థానంలో ఉన్న కుర్రవాడి నుంచి కోచ్ వరకు వరుసగా పేర్చితేనే అతను కనిపిస్తాడు.

ఇక్కడి కార్డుల అంగళ్లలో మామూలు కార్డులు పెట్టెలోంచి ఏరుకునేంత తక్కువ ధరకే దొరుకుతాయి. పోస్టు ఖర్చే అంతకు ఎన్నో రెట్లు అవుతుంది. కాబట్టి ఒక్కొక్కటిగా తెప్పించుకోకండి. జాబితా ఇక్కడే పెట్టండి, దొరికినవి నేను ఏరి ఉంచుతాను. మా అత్తమామలు బ్రహ్మోత్సవాలకు వచ్చేటప్పుడు సామానులో తెస్తారు. కార్డు స్థితి చూసి మార్కులిచ్చే గ్రేడింగ్ కంపెనీలకు పంపడం మాత్రం వద్దు, కార్డు కంటే రుసుమే ఎక్కువ.

జవాబు 3: పాతకాగితం, తిరుపతి

నేను నలభై ఏళ్లుగా స్టాంపులూ అగ్గిపెట్టె బొమ్మలూ సేకరిస్తున్నాను కనుక, భద్రపరచడం గురించి మాత్రమే చెబుతాను.

దయచేసి లామినేషన్ చేయించకండి. మన జిరాక్స్ అంగళ్లలో అది ప్రేమతో చేసి ఇచ్చినా, వేడికి జిగురు అట్టలోకి దిగిపోయి మళ్లీ రాదు. అతుక్కునే పుటలున్న ఫోటో ఆల్బములూ అంతే. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు ఘాటైన వాసనతోనే తెలిసిపోతాయి; కొన్నేళ్లకు జిడ్డు కారి కార్డుకు అంటుకుంటాయి. పాలీప్రొపిలీన్‌తో చేసిన, తొమ్మిది గళ్ల పుటలు అడిగి తెప్పించుకోండి. మామూలు కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల ఎత్తు ఉంటుంది. 1989 బౌమన్ కార్డులు మాత్రం పావు అంగుళం ఎక్కువ ఎత్తు, వాటిని ఆ గళ్లలో కుక్కితే అంచు నలుగుతుంది.

బయట గోడకు ఆనించిన బీరువాలో పెట్టకండి. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, వానలు వెలిశాక వాటిని మార్చండి. కలరా ఉండలు ఆ డబ్బాలో వేయవద్దు, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది.

మైనపు మరక జోలికి వెళ్లకండి. పొట్లం కాగితాన్ని వేడితో అంటించినప్పుడు చివరి కార్డుకు పట్టిన మైనం అది. గీకితే అట్ట లేస్తుంది.

అలిపిరివాసి:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మరకను అలాగే ఉంచుతాను; అన్నయ్య తెచ్చిన పొట్లంలో అది చివరి కార్డు అని ఇన్నేళ్లకు తెలిసింది. స్వర్ణముఖి గారి మాటే నాకు నచ్చింది, కోచ్ కార్డులు కూడా లెక్కలో చేరుస్తాను. ఈ ఆదివారం అన్నయ్యను కూర్చోబెట్టుకుని, సంవత్సరాల వారీగా జాబితా రాసి ఇక్కడ పెడతాను.