పాత ఓమ్నీలో విశాఖ నుంచి సూర్యలంక దాకా తీరం వెంట వెళ్ళాలి, ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాది విశాఖ. నాన్నగారు నడిపిన 2006 మోడల్ మారుతి ఓమ్నీ ఇంట్లోనే ఉంది. రెండేళ్ళుగా వారానికోసారి స్టార్ట్ చేసి పక్క వీధి దాకా తిప్పడం తప్ప ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. వెనక సీటు పీకేసి చెక్క మంచం వేయించి, నేను, మా ఆవిడ, ఏడేళ్ళ పాప సంక్రాంతి సెలవుల్లో కాకినాడ, అంతర్వేది, మచిలీపట్నం మీదుగా బాపట్ల పక్కనున్న సూర్యలంక బీచ్ దాకా వెళ్దామనుకుంటున్నాం. రాత్రిళ్ళు బండిలోనే పడక. కార్పెంటర్‌తో మాట్లాడాను. ఇంకేం చేయించాలి? ఇంట్లోవాళ్ళు అమ్మేయమంటున్నారు, అది మాత్రం నా వల్ల కాదు.

జవాబు (కాకినాడ నుంచి):
తమ్ముడూ, అమ్మకు. నా దగ్గరా అదే బండి ఉంది, దానిలోనే మూడుసార్లు ఈ దారంతా తిరిగాను. కాకపోతే కార్పెంటర్‌ని ఆగమని చెప్పి ముందు మెకానిక్ దగ్గరకి వెళ్ళు. మొదటిసారి నేను పరుపుకీ కర్టెన్లకీ డబ్బు పెట్టి కింద ఏముందో చూడలేదు. తుని దాటగానే రేడియేటర్ పైపు పగిలి ఆవిరి లేచింది, పిల్లల్ని ఎండలో రోడ్డు పక్కన నిలబెట్టి మూడు గంటలు ఎదురుచూశాం. ఆ పైపు ఖరీదు కర్టెన్ల ఖరీదులో పదో వంతు కూడా లేదు.

అన్నిటికంటే ముందు పెట్రోల్ పైపులు మార్పించు. ఓమ్నీలో ఇంజిన్ మనం కూర్చునే సీట్ల కిందే ఉంటుంది కదా, అక్కడ కారితే వేడి ఇంజిన్ పక్కనే కారుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు, మెత్తబడుతుంది లేదా పగుళ్ళిస్తుంది. పైకి బాగున్నాయని మెకానిక్ అన్నా సరే, మార్చమని గట్టిగా చెప్పు. క్లిప్పులూ కొత్తవే వేయించు. తర్వాత రేడియేటర్ పైపులు, కూలెంట్, ఫ్యాన్ బెల్టు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్ళు నిలిచిన బండిలో దాన్ని పూర్తిగా తీసి కొత్తది పోయించాల్సిందే, పైన కాస్త కలిపితే చాలదు.

టైర్ల గాడి చూసి మోసపోకు. పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందని. ఆరేళ్ళు దాటితే గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చడమే నయం, స్టెప్నీ కూడా. డిక్కీలో ఒక క్లచ్ కేబుల్, బెల్టు, ఫ్యూజులు, అయిదు లీటర్ల నీళ్ళు పెట్టుకో. రాజోలు దగ్గర నా క్లచ్ కేబుల్ తెగింది, చేతిలో కొత్తది ఉండబట్టి అరగంటలో కదిలాం.

వెనక సీటు పీకకు. ఆర్టీవో అనుమతి లేకుండా ఆర్సీలో ఉన్న సీట్లు తీసేయడం, బాడీ కోయడం ఇబ్బంది, ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా అదే పట్టుకుంటారు. అంతకంటే ముఖ్యం పాప సంగతి. బండి కదులుతుంటే మంచం మీద పడుకున్న పిల్లను సడన్ బ్రేకు ఎటు విసురుతుందో ఒక్కసారి ఊహించు. సీటు ఉంచి, రాత్రికి మడిచి పైన పలకలు పరిచేలా చేయించుకో. పగలు పాప బెల్టు పెట్టుకుని సీట్లోనే.

2006 బండి కాబట్టి 15 ఏళ్ళు దాటి ఆర్సీ రెన్యువల్ అయి ఉండాలి, అది అయిదేళ్ళకే ఇస్తారు, తేదీ చూసుకో.

అడిగినవారు:
ధన్యవాదాలు అన్నా, కార్పెంటర్‌ని ఆపేశాను. దారి సంగతి కూడా చెప్పరా? తీరం పక్కనే పోవచ్చా?

జవాబు (కాకినాడ నుంచి):
పక్కనే అని ఉండదు. విశాఖ నుంచి కత్తిపూడి దాకా 16వ నంబరు జాతీయ రహదారి, అక్కడ ఎడమకు తిరిగితే 216. అదే కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల మీదుగా ఒంగోలు పోతుంది. ఉప్పాడ దగ్గర బీచ్ రోడ్డును సముద్రం మాటిమాటికీ కోసేస్తుంది, పిఠాపురంలోనే అడిగి వెళ్ళండి. చించినాడ వంతెన ఉన్నా, అంతర్వేది చూసుకుని సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను గోదావరి దాటించే పెద్ద పడవ) నడుస్తుంటే బండిని దాని మీద ఎక్కించి నరసాపురం దాటండి. పాపకి ఆ ప్రయాణంలో అదే గుర్తుండిపోతుంది.

సంక్రాంతి మూడు రోజులు మాత్రం కోనసీమలోకి రావద్దు. కోడిపందేల జనంతో రోడ్లన్నీ ఆగిపోతాయి. కనుమ దాటాక బయల్దేరండి. అక్టోబరు నుంచి డిసెంబరు తుఫాన్ల కాలం, 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. జనవరి, ఫిబ్రవరిలో ఆ భయం తక్కువ. రాత్రి నడపకండి. ఓమ్నీ దీపాల వెలుగు చాలదు, చాలాచోట్ల రోడ్డుకి ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేపల చెరువు.

జవాబు (మచిలీపట్నం నుంచి, ఒక గృహిణి):
పడక గురించి నేను చెబుతానండీ. ఇసుక మీదికి బండి దించి పడుకోవాలని అందరికీ ఉంటుంది. మంగినపూడి బీచ్‌లో ఎంతమంది బండ్లు చక్రాల దాకా దిగబడితే ట్రాక్టరు కట్టి లాగారో చూశాను. గట్టినేల మీదే ఆపండి. పర్యాటక శాఖ వాళ్ళ హరిత రిసార్టులో అడిగితే డబ్బు తీసుకుని లోపల ఆపుకోనిచ్చిన సందర్భాలు మాకున్నాయి, గుడి సత్రాల్లోనూ అంతే. పెద్ద బంకుల్లో లారీవాళ్ళ పక్కన ఆపితే బాత్రూము, నీళ్ళు, వెలుతురు మూడూ దొరుకుతాయి. నిర్మానుష్యమైన చోటు ఎంత అందంగా ఉన్నా, చిన్నపిల్లతో వద్దండీ.

బండిలో స్టవ్వు వెలిగించకండి, వాన పడుతున్నా సరే. తలుపులు మూసి వెలిగిస్తే వచ్చే విషవాయువుకి వాసన ఉండదు. జారుడు తలుపుకి దోమతెర కుట్టించుకోండి, లేకపోతే కృష్ణా డెల్టాలో తలుపు తీసి పడుకోలేరు. ఇంటికి రాగానే బండి అడుగుభాగాన్ని మంచినీళ్ళతో కడిగించండి, ఉప్పుగాలికి ఫ్లోరు తుప్పు పడుతుంది.

అడిగినవారు:
మెకానిక్ ఈ రోజు చూశారు. పెట్రోల్ పైపు ఒకటి గోరుతో నొక్కితే పగిలింది. అన్నీ మార్చమన్నాను.

జవాబు (కాకినాడ నుంచి):
మంచిపని చేశావు తమ్ముడూ. పని అయ్యాక నేరుగా కాకినాడ రావద్దు. ముందు ఒక శనివారం భీమిలి వెళ్ళి, అక్కడ బండిలో ఒక రాత్రి పడుకుని రండి. పొద్దున్నే బండి కింద నేల మీద ఏమైనా చుక్కలు పడ్డాయేమో చూసి ఫోటో పెట్టు.