ఫ్యాన్‌ఫేర్‌కి తెలుగు మాట: గట్టిమేళం సరిపోదా?

అందరికీ నమస్కారం. ఒడిశాలోని బరంపురం నుంచి రాస్తున్నాను. మొన్న మా అమ్మాయి జాన్ ఆడమ్స్ అనే అమెరికా స్వరకర్త సంగీతం వినిపించింది. 1986లో రాసిన ‘షార్ట్ రైడ్ ఇన్ ఎ ఫాస్ట్ మెషీన్’. నాలుగు నిమిషాలే ఉంటుంది. ముందు చెక్కవాద్యం మీద టక్ టక్ టక్ అని ఆగని దెబ్బ. దాని మీదికి ఒక్కొక్క వాద్యం వచ్చి చేరి, చివరికి ట్రంపెట్లు గొంతెత్తుతాయి. ఇలాంటి సంబరపు సంగీతాన్ని ఫ్యాన్‌ఫేర్ అంటారని చెప్పి, "తెలుగులో ఏమంటారమ్మా?" అంది.

నాకు వెంటనే తోచింది గట్టిమేళం.

మా వీధిలో ఈమధ్య ఒక పెళ్ళయింది. పెళ్ళి తెలుగువాళ్ళది, వాయించేవాళ్ళు ఒడియావాళ్ళు. అంతదాకా సన్నాయి ఏదో సన్నగా సాగుతోంది, డోలాయన పక్కవాడితో మాట్లాడుతున్నాడు. పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం!" అనగానే ఆ మనిషి మాట సగంలో ఆపేసి డోలు అందుకున్నాడు. తెలుగు రాకపోయినా ఆ మాట ఆయనకు తెలుసు! అదే క్షణంలో పక్కింటి ఒడియా ఆడవాళ్ళు హుళహుళి (శుభవేళల్లో నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని) ఎత్తుకున్నారు. తుమ్ములూ అపశబ్దాలూ ఎవరికీ వినబడకుండా అంత గట్టిగా వాయిస్తారని మా అమ్మమ్మ చెప్పేది.

ఫ్యాన్‌ఫేర్‌కి ‘తూర్యనాదం’ (వాద్యాల మోత) అనొచ్చని కింద వ్యాఖ్యల్లో ఒకరు అన్నారు. మంచి మాటేనండీ, కానీ పద్యంలో తప్ప ఎవరి నోటా వినలేదు. ‘జయభేరి’ అంటే యుద్ధం గెలవాలి, పైగా భేరి ఒక్క వాద్యం. మేళం అంటేనే కూడిక. అందుకే ఆర్కెస్ట్రాకు కూడా నాకు ఆ మాటే నచ్చుతుంది.

ఇంకొక మాస్టారు, "గట్టిమేళానికి రాసిపెట్టిన స్వరం ఉండదు కదమ్మా, ఆడమ్స్‌ది ప్రతి స్వరమూ రాసిందే" అన్నారు. నిజమే మాస్టారూ. వాయించే పద్ధతిలో పోలిక లేదు, ఒప్పుకుంటాను. నేను చూసింది అది చేసే పనిని. ఇదిగో, శుభం జరుగుతోంది, అందరూ ఇటు చూడండి అని పిలవడం రెండింటి పనీను. జీలకర్ర బెల్లం వేళకి భోజనాల దగ్గరున్నవాళ్ళు కూడా అక్షింతలకి పరుగెత్తుకొచ్చేది ఆ మోత వినే కదా!

మహారాష్ట్రలో నాందేడ్, సిరొంచ వైపు మనవాళ్ళు ఉంటే చెప్పండి. మీ పెళ్ళిళ్ళలో తాళి కట్టేటప్పుడు పంతులుగారు ఏమని కేకేస్తారు?