‘నెపమెన్నక’: నెపం అంటే తప్పా, కారణమా?

నల్లకుంట: సుమతీ శతకంలో ‘ఉపకారికి నుపకారము విపరీతము గాదు సేయ వివరింపంగా’ అన్నాక వచ్చేది ‘అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడె నేర్పరి సుమతీ’. ఇక్కడి అపకారం, వేమన ‘చంపదగినయట్టి శత్రువు’లోని కీడు ఒకటేనా? రెండిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఇంకోటి, ‘సేయువాడె’నా, ‘సేయువాడే’నా?

తార్నాక: దీర్ఘం కుదరదండీ. కందంలో అది ఆరో గణం. జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) పడాలి, ఏదైనా నాలుగు మాత్రలే. ‘యువాడె’ జగణం. ‘డే’ అంటే యగణమై ఐదు మాత్రలవుతాయి. ‘వాడు’ అన్నా గణం చెడదు గానీ మాటలో ఊనిక పోతుంది.

మలక్‌పేట: అసలు చిక్కు ‘నెపము’లో ఉంది. ‘ఏ సాకూ వెతక్కుండా’ అని తాత్పర్యం రాస్తే ఎలా? సాకు వెతికేది పని ఎగ్గొట్టడానికి. ఇక్కడ నెపమంటే తప్పే. వేమన ‘తప్పులెన్నువారు’లో ఎన్నడం ఏదో ఇదీ అదే. మరి ‘తప్పెన్నక’ అని ఎందుకు అనలేదంటే, ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం కలవడం. ఉప, విప, అప: ఒంటి ‘ప’, దాని ముందు లఘువు. ‘తప్పె’ పెడితే ‘ప’ ద్విత్వమవుతుంది, ముందక్షరం గురువవుతుంది. రెండు విధాలా ప్రాసభంగం.

చిక్కడపల్లి: ప్రాస కోసం తెచ్చిన మాట అనడం కవికి అన్యాయమండీ. యతి (పాదం మొదటి అక్షరానికి లోపలి అక్షరంతో జోడీ) చూడండి, నె–నే. ప్రాసనూ యతినీ ఒక్క మాటే మోసింది. అర్థం మాత్రం ‘కారణం’. పేపర్లో ‘చేతబడి నెపంతో దాడి’ అని రాస్తారు. దాడికి చూపిన కారణం అది. ఉపకారికి మేలు చేయడానికి కారణముంది, అందుకే ‘విపరీతము గాదు’ అన్నాడు. అపకారి విషయంలో ‘వీడికి నేనెందుకు చేయాలి’ అని లెక్క చూసుకోకుండా చేయాలి. పై సగానికీ కింది సగానికీ అప్పుడే పొంతన.

మలక్‌పేట: ‘నెపం నా మీదికి నెట్టాడు’ అంటాం గదా. నెట్టింది కారణాన్నా?

తార్నాక: నెట్టింది లేని తప్పు. అపకారి చేసింది ఉన్న తప్పు. ఆ వాడుక ఇక్కడ సాక్ష్యానికి నిలవదు.

అంబర్‌పేట: కీడు సంగతి వదిలేశారు. అపకారానికి చేసేవాడు ఉండి తీరాలి. కీడు ఎవరూ చేయకుండానే రావచ్చు. ‘కీడు శంకించడం’ అందుకే. వడగళ్లు పంటకు హాని చేస్తాయి గానీ అపకారం చేయవు. మన దగ్గర ‘నుక్సాన్’ అనేది సొమ్ముకో వస్తువుకో తగిలే దెబ్బ. వేమన ఆ వెంటనే ‘పొసగ మేలుచేసి’ అంటాడు. మేలుకు జోడీ కీడు, ఉపకారానికి జోడీ అపకారం. ఎవరి జోడీ వారిది.

చిక్కడపల్లి: తిక్కన ఆ రెండూ ముట్టుకోలేదు చూడండి. ‘ఒరులేయవి యొనరించిన నరవర యప్రియము తన మనంబున కగు’. అప్రియం! హాని జరగనక్కర్లేదు, మనసుకు రుచించకపోతే చాలు, అది ఇంకొకరికి చేయకూడదు. ఎంత పై మెట్టు ఎక్కించాడండీ!

మలక్‌పేట: తిక్కనకు దండం. నెపం మాత్రం తేలలేదు. సుమతికి ముందు కావ్యాల్లో అచ్చంగా కారణమనే అర్థంలో ‘నెపము’ ఉన్న చోటు పద్యంతో సహా పెట్టండి, ఒప్పుకుంటాను.